పిల్లి పిలుపుకు రెండో సాక్షి

పిల్లికి పేరు పెట్టాక ఆ పేరుతో పిలిచారా, పిలవగా పిలవగా ఆ పిలుపే దానికి పేరైందా? ముప్పై ఏళ్లు నిఘంటువు కార్యాలయంలో మాటల చీటీలు సర్దాను గానీ ఈ ఒక్కటీ ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మా ఉత్తర జర్మనీ తీరంలో పిల్లిని ‘పూస్’ అంటాం. ఎమ్స్ నదికి అవతలి ఒడ్డున డచ్చివాళ్లూ అంతే. ఇంగ్లీషువాళ్లు కుదించి ‘పుస్’ అంటారు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో లావుపాటి పుస్తకాలు కూడా నీళ్లు నములుతాయి. ఫోకో మాత్రం ఠక్కున చెప్పేవాడు, అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క రకంగా.

ఫోకో డిర్క్స్ ఓల్డర్‌సీల్ ఊరి తూము కాపలాదారు. పోటుకు తలుపులు మూయడం, ఆటుకు తెరిచి పొలాల నీళ్లు సముద్రంలోకి వదలడం, నలభై ఏళ్లు అదే పని. తూము దగ్గర ఆగిన పడవల్లోంచి ప్రతి నావికుడూ గట్టు మీది పిల్లిని తన భాషలో పిలిచేవాడట, పిల్లి అందరి దగ్గరకూ వెళ్లేదట. ఇవన్నీ వేరు వేరు భాషలని దానికి ఎవరూ చెప్పలేదు పాపం, అనేవాడు ఫోకో.

దక్షిణాది జర్మన్లకు ‘మేర్’ అంటే సముద్రం, మాకేమో చెరువు. వేసవిలో వచ్చినవాళ్లు మేర్ ఎటు అని అడిగితే, కట్టకు అవతల అలల చప్పుడు వినబడుతున్నా సరే, ఎంతో మర్యాదగా వాళ్లను పొలాల మీదుగా గంటన్నర నడిపించి చెరువుకు పంపేవాడు.

ఇలాంటి మనిషి కాబట్టే, మీ ఇంట్లో పిల్లిని ఎలా పిలుస్తారని మేం పంపిన ప్రశ్నకు అతని జవాబు చూసి ఎవరూ నమ్మలేదు. అమ్మ ‘ఊస్’ అని పిలిచేదని, తూము వెనక మూడిళ్లలో అందరూ అంతేనని రాశాడు. ముందు ‘ప’ లేదు. ఈయనకు ముందు పళ్లు లేవేమో కనుక్కోమన్నాడు మా కార్యాలయం పెద్దాయన. నేను దాన్నే కాస్త మర్యాదగా మార్చి ఉత్తరం రాశాను. వారానికల్లా జవాబొచ్చింది: పళ్లు లేని మాట నిజమే, ‘ప’ పలకడానికి కావలసినవి పెదవులు, అవి రెండూ ఉన్నాయి.

మాట అచ్చులోకి ఎక్కాలంటే అదే ఊరి వాళ్లు ఇద్దరు చెప్పాలి. రెండో మనిషికి మాట అందించకూడదు, తనంతట తనే అనాలి. ఆ మూడిళ్లలో పెరిగినవాళ్లలో ఫోకో కాక మిగిలింది ఒక్కరే, కాలువ అవతల ఉండే అక్క తాల్కే. ఆవిడ పదకొండేళ్లుగా తమ్ముడితో మాట్లాడదు.

తల్లిని పూడ్చి వచ్చిన రోజు, టీ దగ్గర, ఫోకో రెండో కప్పు కాగానే చెంచా కప్పులో పెట్టేశాడు. చెంచా కప్పులో పడిందంటే ఇక పోయవద్దని. మూడు కప్పులు తాగకుండా లేచినవాడు మా దగ్గర ఆ ఇంటిని కాదన్నట్టే. ఆటు వేళయింది, తూము తెరవాలి అన్నాడు. అమ్మ కోసం సముద్రం కాసేపు ఆగదా అంది తాల్కే. అంతే, మాటలు ఆగిపోయాయి.

మా ప్రశ్నకు తాల్కే రాసి పంపిన జవాబు ఇప్పటికీ నా దగ్గరుంది: ‘మేం పిలవం. దానికి రావాలనిపిస్తే వస్తుంది.’

పుటలు అచ్చుకు వెళ్లడానికి పది రోజులుందనగా ఫోకో నన్ను టీకి రమ్మని కార్డు రాశాడు. వెళ్లేసరికి కిటికీ పక్కన బల్ల సిద్ధంగా ఉంది. బల్ల కింద తాల్కే గారి బూడిదరంగు పిల్లి పడుకుని ఉంది. నాలుగు రోజులుగా దానికి హెర్రింగ్ చేపలు మేపుతున్నాడట.

“మీరేం అడక్కండమ్మా. కూర్చుని తాగండి. ఆవిడే వస్తుంది.”

కలకండ మీద వేడి టీ పడి చిటచిటమంది. మొదటి కప్పు అయ్యేలోగా తాల్కే కాలువ అవతలి గట్టుకు వచ్చింది. కిటికీలో నన్ను చూసింది, నా ఒళ్లో చీటీల పెట్టెనూ చూసింది. చూసి, బడిలో నేర్పిన జర్మనులో పంతులమ్మలా ‘మీత్సే, ఇలా రా’ అంది. పిల్లి చెవైనా కదపలేదు. ఊరందరిలా ‘పూస్’ అంది. ‘ప’ని ప్రత్యేకంగా ఒత్తి మరీ అంది. చివరికి ఇంగ్లీషు కూడా వాడింది. ఫోకో నవ్వాపుకోలేక చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

రెండో కప్పు పోసేసరికి వాన పట్టుకుంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, తలగుడ్డ తడిసి నుదుటికి అంటుకుపోయింది, అయినా కదలదు. ఫోకో రుమాలు తీసేశాడు. లేచి కిటికీ తెరిచాడు.

“అక్కా, లోపలికి పో. పిల్లిని నేను తెచ్చిస్తాలే.”

“నీతో ఎవరు మాట్లాడార్రా? నీ చీటీ కోసం నేను అరవాలా?”

“చీటీ కోసం కాదే. నువ్వూ నేనూ పోతే అమ్మలా పిలిచేవాళ్లుండరు. కాగితం మీదైనా ఉండనీ.”

తాల్కే ముఖం మీద నీళ్లు తుడుచుకుంది. తర్వాత మెడ ఎత్తి, గాలికి ఎదురుగా, సాగదీసి పిలిచింది.

“ఊ... స్.”

ముందు ‘ప’ లేదు. పిల్లి బల్ల కింద నుంచి ఒక్క దూకు దూకింది. ఫోకో కిటికీ దగ్గర నుంచి ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు. వాళ్ల అమ్మ సాయంకాలం పిల్లినీ పిల్లల్నీ ఆ ఒక్క పిలుపుతోనే ఇంట్లోకి పిలిచేదని తాల్కే చాలా రోజుల తర్వాత చెప్పింది. ఇద్దరూ ఆ సంగతి మాకు పంపిన జవాబుల్లో రాయలేదు.

నేను చీటీ మీద రెండో సాక్షి పేరు రాసి తలెత్తేసరికి అతని రెండో కప్పు ఖాళీగా ఉంది. చెంచా సాసర్‌లోనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే, వానలో, కాలువ మీది చెక్కపలక దాటి పోతున్నాడు ఫోకో. ముందు పిల్లి, వెనక అతను. ఇంటికి టీకి పిలిచిన మనిషి, వెళ్లొస్తానని కూడా అనలేదు.