టీవీ చూసి కట్టుకున్న పరదా

మేం చిన్నగున్నప్పుడు బంద్ అంటే బడి లేనట్టే... టీవీ ముందల కూసునుడే.

తెలంగాణ ఉద్యమం జోరుగ నడుస్తున్న రోజులు. నేను ఆరో తరగతి. మన్సూరాబాద్‌ల మాది కిరాయి ఇల్లు... ఒక అర్ర, ఒక వంటిల్లు. టీవీ మాకు లేకుండె. పక్క పోర్షన్ల రాజ్యలక్ష్మి ఆంటీ వాళ్లకు ఉండె. వాళ్లది తెనాలి దిక్కు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నంక అమ్మ, నేను అక్కడికే పోయేటోళ్లం. ఇల్లు సర్దుకునుడు మీద ఒక ప్రోగ్రాం వచ్చేది. నూలు చీర కట్టుకున్న ఒకామె పాత చీరలతోని దిండు గలేబులు కుట్టుడు, చెమ్మ పట్టిన గోడకు సున్నం ఏసుడు... అన్నీ మెల్లగ చేసి చూపెట్టేది. గోడకు ఒక్క చెక్క బిగించుడే రెండు రోజులు చూపెట్టేది!

ఒకరోజు, ఒక్క గదినే పరదా కట్టి రెండు చేసుకునుడు ఎట్లనో చెప్పింది. అమ్మ ముందుకు జరిగి కూసున్నది.

మా ఇంట్ల ఎప్పుడూ జనమే. దవాఖానకని, కోచింగ్‌కని ఊరి నుంచి ఎవరో ఒకరు వచ్చి దిగేటోళ్లు. నేను వంటింట్ల బియ్యం డబ్బా మీద పుస్తకం పెట్టుకొని చదివేదాన్ని.

"మా పిల్లకు ఒక మూల అయితదక్కా" అన్నది అమ్మ.

పోచంపల్లిల నాయినమ్మ వాళ్లు నేసిన దుప్పట్లు రెండు సందూకల ఉండె. అవ్వే పరదా అయితయనుకున్నం. ప్రోగ్రాం ఒకసారి పోతే మళ్ల దొరకదని, ఆంటీ పాత డైరీల కొలతలు రాసింది. అమ్మకు చదువు రాదు.

తెల్లారి, పరదా ఏలాడేసే పైపు ఎట్ల బిగించాల్నో చెప్తుంటే... నడుమల ఆపేసి వార్తలు ఏసిండ్రు. ఎల్బీ నగర్ చౌరస్తల రాస్తారోకో. లాఠీలు లేస్తున్నయి.

"అబ్బ, ఈ గొడవలు ఎప్పటికి ఆగుతాయో!" అని ఆంటీ విసుక్కుంది.

అమ్మ లేచి నిలబడ్డది. "గొడవ అనకక్కా. మా ఆయన గాడనే ఉన్నడు."

దిల్‌సుఖ్‌నగర్‌ల బట్టల దుకాణంల పని చేసే నాయిన, తోటోళ్లతోని కలిసి పొద్దున్నే పోయిండు. సాయంత్రం వాచిన చెయ్యితోని ఇంటికొచ్చిండు. అమ్మ ఉప్పు నీళ్ల కాపడం పెట్టింది.

వారం రోజులు మేం ఆంటీ ఇంటికి పోలే. నల్లా కాడ ఎదురుపడితే ఇద్దరూ బిందెల దిక్కే చూసేటోళ్లు. దుప్పట్లు సగం కుట్టి అట్లనే ఉండె.

ఎనిమిదో రోజు ఆంటీ డైరీ పట్టుకొని మా గడప బయట నిలబడ్డది.

"ఆ మిగతా భాగం మళ్ళీ వేశారు స్వరూపా. మొత్తం రాశాను... అన్నయ్యగారి చెయ్యి ఎలా ఉంది?"

ఆంటీ డైరీ అమ్మ చేతిల పెట్టింది.

"ఆయన అక్కడున్నారని తెలీక అనేశాను. నాకూ భయంగానే ఉంది... రేపు తెలంగాణ వస్తే మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా?"

"నిన్నెవరు పొమ్మంటరక్కా? నువ్వు పోతే గీ డైరీ నాకెవరు చదివి చెప్పాలె?"

ఇద్దరూ నవ్విండ్రు... కొంగులతోని కండ్లు తుడుచుకున్నరు.

నాయిన చెయ్యి లేవదు కాబట్టి వాళ్లిద్దరే స్టూల్ ఎక్కి మొలలు కొట్టిండ్రు. రెండుసార్లు గోడ పెచ్చు ఊడి నెత్తి మీద పడ్డది. మూడోసారి పైపు నిలబడ్డది. పరదా ఒక దిక్కు కొంచెం కిందికి జారింది... ఎవరూ సరిచేయలే. పదో తరగతి దాక నేను దాని ఎనకనే చదువుకున్న.

తెలంగాణ వచ్చింది. ఆంటీ వాళ్లు ఎక్కడికీ పోలే... ఎల్బీ నగర్ దిక్కే ఇల్లు కట్టుకున్నరు.

ఇప్పుడు ఫోన్ల నేను గసొంటి వీడియోలే చూస్తుంట. ఒకామె చిటికేస్తది... పాత గది పోయి తెల్లటి కొత్త గది వస్తది. అంతా అర నిమిషంల. మొన్న అమ్మకు చూపెట్టిన. రెండుసార్లు చూసి అడిగింది...

"మంచిగనే ఉంది గనీ... పని ఎప్పుడు చేసిండ్రే?"

నేను వీడియో మళ్ల మొదటి నుంచి పెట్టిన.

అట్ల టీవీ చూసి మీ ఇంట్ల ఏమన్న చేసుకున్నరా? చెప్పుండ్రి... ఫొటో లేకున్నా సరే.