నాన్న వెతికిన క్లాసులు, నేను విప్పిన లేసు

మా చిన్నప్పుడు నరసాపురంలో పిల్లలు రెండే రకాలు: చదివేవాళ్లు, చదవనివాళ్లు. నేను నాలుగో తరగతిలో ఉండగా మూడో రకం ఒకటి బయల్దేరింది. దాని పేరు ‘గిఫ్టెడ్’. ఖర్మకాలి అది తిన్నగా మా ఇంటికే వచ్చింది. ఏ తేదీ అడిగినా అది ఏ వారమో చెప్పేయడం నాకో సరదా. అది చూసి లెక్కల టీచరుగారు నాన్నని పిలిపించి, “పిల్ల చాలా చురుకైందండి. బళ్లో చెప్పేది చాలదు. బయట ఎక్కడైనా ఏదైనా నేర్పించండి” అన్నారు. నాన్న పోస్టాఫీసులో గుమస్తా. (సగం చిరునామా ఉన్న ఉత్తరాన్ని కూడా చేర్చేదాకా నిద్రపోని మనిషి.) ఇంటికొచ్చి, డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి, “మనమ్మాయి గిఫ్టెడ్ అంట” అన్నారు. అమ్మ కంగారుపడి, “తగ్గుతుందంటారా అండీ?” అంది.

అక్కణ్ణుంచి వేట మొదలైంది. ముందు మా వీధి చివర అబాకస్. గాల్లో లేని పూసల్ని వేళ్లతో జరుపుతూ కూడాలి. నేను చేతులు కట్టుకునే జవాబు చెప్పేస్తుంటే, “జవాబు తర్వాతమ్మా, ముందు వేళ్లు కదుపు” అని మేడమ్‌గారు రోజూ బతిమాలేవారు. తర్వాత ప్రతి ఆదివారం భీమవరంలో జ్ఞాపకశక్తి క్లాసు. మూడో వారం తిరిగొస్తూ నాన్న గొడుగునీ, నేను నా సంచినీ బస్సులో మర్చిపోయాం. “ఇంతకీ ఆ క్లాసు దేనికండీ?” అని అమ్మ మామూలుగానే అడిగింది. మేమిద్దరం మామూలుగా అన్నం కలుపుకున్నాం.

నాకు నిజంగా నచ్చిన చోటు మాత్రం ఎదురింటి అరుగు. అక్కడ లేసు మామ్మగారు రోజంతా దారం అల్లుతూ ఉండేవారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. డిజైన్లన్నీ బుర్రలోనే. గుండ్రటి ముక్క అల్లేటప్పుడు, “వరసకి ఆరు కుట్లు పెంచాలే” అనేవారు. ఆరే ఎందుకని అడిగితే, “తక్కువేసి చూడు, ఎక్కువేసి చూడు. నన్నడుగుతావేంటి?” అన్నారు. తక్కువేస్తే ముక్క గిన్నెలా ముడుచుకుంది. ఎక్కువేస్తే కోడిజుట్టు పువ్వులా మడతలు పడింది. ఆ వేసవంతా కావాలనే తప్పులల్లుతూ కూర్చున్నాను. (మామ్మగారి దారం ఎంత పాడుచేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.) నాన్నకి మాత్రం దిగులు. “అబాకస్ ఎగ్గొట్టి అరుగు మీద కూర్చుంటే ఎలాగమ్మా?” అనేవారు.

అంతలో రాజమండ్రిలో ఎవరో రిటైరైన ప్రొఫెసరుగారు చురుకైన పిల్లల్ని ఓ పదిమందిని ఏరుకుని, శని ఆదివారాలు ఇంట్లోనే లెక్కలు చెబుతున్నారని నాన్నకి తెలిసింది. ముందు ఇంటర్వ్యూ ఉంటుందట. రైల్లో దారంతా నాన్న నన్ను తేదీలు అడుగుతూనే ఉన్నారు. పక్క సీట్లోవాళ్లు వాళ్ల పుట్టినరోజులు ఏ వారమో కూడా చెప్పించుకున్నారు.

ప్రొఫెసరుగారి బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ పరిచి ఉంది. దాని మూలొకటి ముడుచుకుని, దారం కొస ఊడి వేలాడుతోంది. ఆయన ఏదో అడుగుతున్నారు, నేను చెబుతున్నాను, నా వేళ్లు మాత్రం ఆ కొసని లాగుతున్నాయి. మూడో ప్రశ్న అయ్యేసరికి జానెడు అంచు నా ఒళ్లో దారమై పడింది. నాన్న ముందు దగ్గారు. తర్వాత కళ్లు మూసుకున్నారు.

“ఏంటమ్మా అది?” అన్నారు ప్రొఫెసరుగారు.

“ఇక్కడ కుట్లు తక్కువ పడ్డాయండి. అందుకే ముడుచుకుంది. సరిచేద్దామని.”

“సూది ఏదీ?”

కంపాసు పెట్టెలోంచి కొక్కెం సూది తీశాను. (కంపాసు మాత్రం ఇంట్లో ఉండిపోయింది.) ఈలోగా వాళ్లావిడ లోపల్నుంచి వచ్చి చూసి నిలబడిపోయారు. “అది మా అమ్మ అల్లిందండీ” అన్నారు నాన్నతో. ఆ మాటకి నాన్న లేచి నిలబడ్డారు. ఏడుపు ఆపుకుంటూ, కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లాను. ముగించాక ఆవిడ ఆ మూలని అరచేత్తో నొక్కి చూశారు. అది చక్కగా పరుచుకుంది. “ఇన్నేళ్ల నుంచీ దీని మీద పుస్తకం బరువు పెడుతున్నాం” అన్నారు, ఇంకా నొక్కుతూనే.

ప్రొఫెసరుగారు ఇదంతా ఎవరు నేర్పారని అడిగి మామ్మగారి సంగతి చెప్పించుకున్నారు. ఇంటర్వ్యూ సంగతి మర్చిపోయి, కుట్లు పెంచితే ఏమవుతుందో, ఇంకా పెంచితే ఏమవుతుందో నాచేత కాగితం మీద గీయించుకున్నారు. చివరికి, “శనివారం నుంచి పంపించండి. కానీ ఆ మామ్మగారి దగ్గర మాత్రం మాన్పించకండి” అన్నారు.

తిరుగు రైల్లో నిడదవోలు దాటాక నాన్న మెల్లిగా, “తేదీలు అడగనేలేదే ఆయన” అన్నారు. ఆ గొంతులో దిగులు చూసి, నాన్నకి ఇష్టమని, నరసాపురం వచ్చేదాకా ఆయన అడిగిన తేదీలన్నీ చెప్పాను. మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అరటిపళ్లు పట్టుకుని ఎదురింటికి వెళ్లారు. “మా అమ్మాయిని మీ దగ్గర చేర్పిద్దామనండి.” మామ్మగారు ఆయన్ని ఎగాదిగా చూసి, “చేర్పించడమేంటి బాబూ? అన్నానికైనా ఇంటికి తీసుకెళ్లండి దాన్ని” అన్నారు.

ఇప్పుడు నేను కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. లెక్కల్లో ఎమ్మెస్సీ సీటొచ్చినప్పుడు ముందుగా చెప్పింది మామ్మగారికే. దీనికంతటికీ మీరే కారణమండీ అన్నాను. ఆవిడ ఆ మాట విననట్టే నా చేతికి సూదీ దారం ఇచ్చి, రెండు వరసలు అల్లించి, వెలుగుకి ఎత్తి చూశారు. “వదులైపోయిందే. చదువులో పడి చెయ్యి పాడుచేసుకున్నావు” అన్నారు బాధగా. నేను విప్పి మళ్లీ అల్లాను. రెండోసారీ వదులుగానే వచ్చింది.