గిడ్డంగి తగలబెట్టిందెవరు?

సోరియా పట్టణంలో సతూరియా అనే వంటమనిషి ఉండేది. కౌంట్ డాన్ లెయాండ్రో దొరగారింట్లో ముప్ఫై ఏళ్లు గరిటె తిప్పింది. దొరగారు చరిత్ర రాసేవాడు. చలికాలం మాడ్రిడ్‌లో గడిపి, వేసవికి సొంతూరు చేరి కాగితాల కట్టల్లో మునిగిపోయేవాడు.

ఒకనాడు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"సతూరియా, మీ నాన్న బ్లాస్ ఊరి గోధుమల గిడ్డంగికి కావలివాడు కదా? ఫ్రెంచివాళ్లు దండెత్తి వచ్చిన ఏడాది అది ఎలా తగలబడింది?"

"అప్పటికి నాకు ఏడేళ్లుంటాయేమో దొరగారూ," అంటూ ఆమె వెల్లుల్లి ఒలుస్తూనే చెప్పుకుపోయింది. నాన్న కాలిన చేత్తో ఇంటికొచ్చాడు. అమ్మ ఆలివ్ నూనె రాసింది. వీధంతా మాడిన గోధుమల వాసన. ఇంకేం చెప్పిందో తర్వాత ఆమెకే గుర్తులేదు. దొరగారు మాత్రం గబగబా రాసుకున్నాడు.

రెండేళ్లకు పుస్తకం వచ్చింది. చర్చిలో గంట కొట్టే హిలారియో చదివి వినిపించాడు. ఫ్రెంచి సిపాయిలు నిప్పు పెట్టారట, కావలివాడు ఆర్పబోయి చెయ్యి కాల్చుకున్నాడట. 'అలాగే జరిగుంటుంది' అనుకుని సతూరియా తృప్తిపడింది.

ఆ తర్వాత మాడ్రిడ్‌లో ప్రభుత్వం మారింది. దొరగారు మంత్రి అయ్యాడు. పుస్తకం మళ్లీ అచ్చయింది. ఈసారి నిప్పు పెట్టింది బ్లాసే! శత్రువుకు ఒక్క గింజ దక్కకూడదని తన చేత్తోనే తగలబెట్టాడట. గిడ్డంగి ఉన్నచోట వీరుడి పేరుతో రాతిఫలకం నిలబెట్టారు. బ్యాండు మోగింది. మంత్రిగారు ఉపన్యసించాడు. సతూరియాను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టాలో ఊరుకోవాలో ఆమెకు తోచలేదు.

తిరిగి వస్తుంటే రొట్టెలమ్మే కాసిల్డా ఆపింది.

"ఏమే, నిన్నటిదాకా నిప్పార్పినోడు ఇవాళ నిప్పెట్టినోడయ్యాడే! రేపు ఫ్రెంచోళ్లకి విందు చేశాడంటారేమో చూస్కో!" అని నవ్వింది. నవ్వుతూనే మొహం తిప్పుకుంది. "ఆ చలికాలం మా అమ్మమ్మ తిండిలేకే పోయిందంట. ఆ గోధుమలుంటే బతికేదో ఏమో."

సతూరియా అక్కడ ఆగలేదు. తిన్నగా దొరగారి గదికి వెళ్లింది.

"దొరగారూ, మా నాన్న పెట్టాడా, ఆర్పాడా?"

ఆయన కట్ట విప్పి ఒక కాగితం తీశాడు. "ఇదిగో. 'నాన్నే నిప్పు పెట్టాడని అమ్మ అంది.' నీ మాటే."

"నేనన్నానా?"

"అన్నావు."

"మరి మొదటి పుస్తకంలో అట్లా ఎందుకు రాశారు?"

ఆయన కాగితం తిరగేశాడు. "'నాన్న ఆర్పడానికి పరిగెత్తాడు.' ఇదీ నీ మాటే."

"అయ్యో, రెండూ నేనే చెప్పానా? ఏది నిజమో మీకు తెలుస్తుందని కదా మీ దగ్గరికొచ్చాను!"

"నీకు తెలుసని కదా నేను నిన్నడిగాను," అన్నాడు దొరగారు. ఆ గొంతులో మంత్రి దర్పమేమీ లేదు.

ఎనిమిది నెలలకే ఆ ప్రభుత్వం పడిపోయింది. దొరగారు మామూలు మనిషై తిరిగొచ్చి, వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని మళ్లీ అడిగాడు. సతూరియా కళ్లు మూసుకుంది. కాలింది ఏ చెయ్యో కూడా తేలలేదు. ఎడమదనుకుంటే ఎడమది, కుడిదనుకుంటే కుడిది కనిపిస్తోంది.

"తెలీదు దొరగారూ. మొదట్నించీ తెలీదేమో."

మూడోసారి అచ్చయిన పుస్తకంలో ఆ సంగతి గురించి ఒకటే వాక్యం ఉంది: గిడ్డంగి ఎలా కాలిందో తెలియదు. హిలారియో అది చదువుతుంటే సతూరియా ఏడ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది.

ఫలకాన్ని మాత్రం ఎవరూ తీయలేదు. ఏటా చనిపోయినవాళ్ల పండగనాడు చామంతులు పట్టుకుని శ్మశానానికి వెళుతూ సతూరియా ఆ రాయి ముందు ఆగేది. ఒక పువ్వు తీసేది. పెట్టాలో వద్దో తేల్చుకోలేక, కాసేపు నిలబడి, దాన్ని మళ్లీ గుత్తిలోనే కలిపేసుకుని నడిచిపోయేది.