నాంపల్లి లాడ్జిలో నా జోడీ

"ముందుగాల నువ్వెవరో చెప్పు," అన్నాను.

"ఎవరైతేందక్కా? పొద్దుగాల్నుంచి నీ ఎంటనే ఉన్న గదా. నేనెట్లాంటిదాన్నో తెల్వలేదా నీకు?"

"కార్డు మీది మనిషివి కావు నువ్వు."

"జర మెల్లగ మాట్లాడు. పక్క రూమోళ్ళు ఇంటరు."

"ఇననియ్యి. బార్డర్ కాడ పోలీసోళ్ళు అడిగితే గప్పుడు కూడ మెల్లగనే మాట్లాడుతవా?"

"ఎవడడుగుతడు? బస్సు నిండ ముసలోళ్ళే. ఒక్కొక్కల మొకం పట్టి చూస్తరా? నువ్వు నోరు తెరవకుంటే అయిపాయె. నీదేం పోతది?"

"నీ పేరు పక్కన నా పేరు రాసిన్రు. అదే పోతది."

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఒక లాడ్జి అది. రెండో అంతస్తులో, రెండు మంచాలు పట్టగా మనిషి నిలబడడానికి మాత్రమే చోటు మిగిలిన గది. మేం నేపాల్ యాత్రకు బయలుదేరిన నలభై మందిమి. మర్నాడు పొద్దున నాంపల్లిలో గోరఖ్‌పూర్ బండి ఎక్కి, అక్కడి నుంచి బస్సుల్లో నేపాల్లోకి పోవాలి. జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు రైలు అందుకోలేకపోతారని, మొదటి రోజు అందరూ లాడ్జిలోనే ఉండాలని మేనేజరు నియమం. నా ఇల్లు గౌలిగూడలో, నడిస్తే అరగంట. ఇంట్లో పడుకుని పొద్దున్నే వస్తానన్నాను. "పెద్దమ్మా, యాత్ర ఇయ్యాల్నే షురువైంది. ఫారిన్ల ఉన్ననుకో," అన్నాడు. గదికి నేను కట్టిన దాంట్లోంచే ఇస్తున్నాడు కదా, వాడుకోకుండా ఎందుకు వదలాలని ఉండిపోయాను.

ఆ మేనేజరుకు ఒక పద్ధతి ఉంది. ఒంటరిగా వచ్చినవాళ్ళను ఇద్దరిద్దరిని జోడీ కడతాడు. ఎక్కేచోట, దిగేచోట, తిండి దగ్గర ఎవరి జోడీ ఉన్నదీ లేనిదీ వాళ్ళే చెప్పాలి. "జోడీ తప్పిపోతే నన్నడగొద్దు, నేనే మిమ్మల్ని అడుగుత," అని హాల్లో అందరి ముందూ నవ్వుతూనే అన్నాడు. నాకు పడిన జోడీ ఈమె. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. నల్లగొండ వైపు మనిషి. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. చూడగానే నా చేతిలో సంచి లాక్కుని రెండంతస్తులు ఎక్కింది. "అక్కా" అని పిలిచింది. ఆ పిలుపు నాకు నచ్చింది, దాచుకోవడం దేనికి.

చలికి నా దగ్గర శాలువా ఒకటే ఉంది. అది చాలదని ఆమె పోరితే, పదకొండింటికి ఇద్దరం అబిడ్స్‌కు నడిచాం. పెద్ద పోస్టాఫీసు దాటాక ఫుట్‌పాత్ మీద ఒక నేపాలీ ఆడమనిషి స్వెట్టర్లు కుప్పపోసి కూర్చుంది. "నేపాలుకు పోతూ నేపాలీదాని దగ్గర కొనుడేంది? గాడికి పోతే సస్తా దొరుకుతది," అన్నాను. నా జోడీ పకపకా నవ్వి, స్వెట్టర్లమ్మే పిల్లతో, "హమ్ కల్ తుమారే గావ్ జాతె," అని, రేపు మీ ఊరికే పోతున్నామని వచ్చీరాని హిందీలో చెప్పింది. ఆ పిల్లకు ఏమర్థమైందో గానీ లేచి నిలబడి, ముదురు ఎరుపు స్వెట్టరొకటి తీసి ఆమె భుజాల మీద కొలత చూసింది. నేను అరగంట బేరమాడి చివరికి ఒక కోతిటోపీ కొన్నాను. ఆమె ఆ ఎర్రటిదే తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదట. తల్లి పోయాక అక్కే పెంచిందట. "పదిహేనేండ్లల్ల ఒక్కసారి కూడ సెలవు అడగలే అక్కా. ఇప్పుడు పన్నెండు దినాలు అడిగిన. వార్డెనమ్మ నా మొకం దిక్కు చూసింది, పానం బాగలేదా అని." మంచు కొండను దగ్గర నుంచి చూడాలన్నదొకటే ఆమె కోరిక. హాస్టలు పిల్లల పుస్తకంలో బొమ్మ చూసిందట. ఇదంతా చెబుతూ, రోడ్డు దాటేటప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుంటోంది.

మేం వచ్చేసరికి మేనేజరు అందరి ఓటరు కార్డులకూ జిరాక్సులు తీయించి తిరిగి పంచుతున్నాడు. నేపాల్లో ఆధార్ నడవదట, ఓటరు కార్డు గానీ పాస్‌పోర్టు గానీ ఉండాలి. ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది. మా ఇద్దరివీ నా చేతికే ఇచ్చాడు.

మూడో తరగతి మధ్యలో తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. వచ్చిన అక్షరాలు పోతాయేమోనన్న భయంతో, చేతికి వచ్చిన ఏ కాగితమైనా, పల్లీలు కట్టిచ్చిన పొట్లమైనా సరే, కూడబలుక్కుని చివరిదాకా చదువుతాను. అట్లాగే ఆమె కార్డు చదివాను. పేరు. కింద 'భర్త పేరు' అని రాసి, ఎవరో మగమనిషి పేరు. పుట్టిన సంవత్సరం చూస్తే నా ఈడుదే. ఫొటో పాతది, మసకది. ఈమే అనుకుంటే ఈమే.

గదిలోకి పోయి తలుపు వేసి అడిగాను. అచ్చు తప్పంది మొదట. తర్వాత ముందు చెప్పిన గొడవంతా అయింది. గొంతులు తగ్గాక మంచం అంచున కూర్చుని చెప్పింది.

"మా అక్కది. పోయి నెల దాటింది. ఒక్క దినం జరంల పోయింది. రెండేండ్ల నుంచి కొంచెం కొంచెం కట్టుకున్నదక్కా ఈ యాత్రకు. రశీదు కాగితంల రాసున్నది గదా, పైసలు వాపసు రావు, పేరు మార్చరు అని. అందుకే ఎవలకు చెప్పలే. ఇద్దరం ఒక్క తీరుగనే ఉంటం."

"మీ అక్క సంగతి పొద్దున ఉన్నట్టే చెప్తివి."

"ఉన్నట్టే అనిపిస్తది నాకు," అంది.

నేను జాలిపడే మనిషిని కాను. మా ఆయన సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా. మా సందులోనే ఉండే ఒకడికి, పిలిచినప్పుడల్లా హాజరుపరుస్తానని కోర్టులో జమానతు నిలబడ్డాడు. మంచివాడనే నిలబడ్డాడు. వాడు ఊరొదిలి పోయాడు. ఆరేళ్ళు ఈ నాంపల్లి కోర్టుకు వాయిదాలకు తిరిగాం. ఆయన లోపల నిలబడితే నేను మెట్ల మీద కూర్చునేదాన్ని. పిలుపు వినిపించినప్పుడల్లా ఆయన పేరేనేమోనని లేచి నిలబడేదాన్ని. ఒకరి మాటకు మరొకరు జవాబు చెప్పుకోవడమంటే ఏమిటో నాకు ఆ మెట్లు నేర్పాయి. జోడీ అంటే నాకు అదే వినిపించింది.

"నేను చెప్పను. కానీ నీ పక్కన ఉండను," అన్నాను.

"గంత మాత్రం చాలక్కా," అంది.

సాయంత్రం ఆరింటికి హాల్లో వడ్డన మొదలైంది. నేను మేనేజరును పక్కకు పిలిచాను.

"బిడ్డా, నా జోడీని మార్చు."

"ఏమైంది పెద్దమ్మా? కొట్లాడిన్రా?"

"లేదు. ఆమె గురక పెడుతది. నాకు నిద్ర పట్టదు."

అతను నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఇంక రాత్రే కాకపాయె. గురక ఎప్పుడిన్నవ్ పెద్దమ్మా?"

అరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఒక అబద్ధం సరిగ్గా ఆడడం రాలేదు. మాట తడబడింది. అతని నవ్వు ఆగిపోయింది. "ఏదో ఉన్నది. రేపు బండెక్కినంక నాకు పంచాయితీ వద్దు," అంటూ ఆమెను కేకేశాడు. కార్డు మీది పేరు పెట్టి పిలిచాడు. రెండోసారికి గానీ ఆమె తల ఎత్తలేదు. చేతిలో విస్తరితోనే వచ్చింది. మా ఇద్దరినీ చూసింది.

"చెప్పినవా?" అంది నాతో. "చెప్పినవ్ తీయ్."

నేను నోరు విప్పేలోపే అంతా చెప్పేసింది. అక్క, జ్వరం, కార్డు, అన్నీ. తింటున్నవాళ్ళు చేతులు ఆపి వింటున్నారు. మేనేజరు తల పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"నిన్న చెప్పినా అయిపోవు గదమ్మా! సొంత అక్కచెల్లెండ్లకు రైలు టికెట్ పేరు మార్పిస్తరు. బండికి ఒక దినం ముందు స్టేషన్ల దరఖాస్తు ఇస్తే సాలు. నీ ఓటరు కార్డుతోని నువ్వే దర్జాగ వస్తుంటివి."

"మార్పు లేదని కాగితంల రాసిన్రు గదా?"

"రోజుకొకలు వచ్చి మార్చుమంటే మేం సస్తమని గట్ల రాస్తం. అడిగితే ఎవలం కాదంటం? ఇట్ల మనిషి పోయిందంటే ఎవడైన కాదంటడా?"

ఆమె విస్తరిలో అన్నం అట్లాగే ఉంది. అడగాలని ఆమెకు తోచలేదు. ఆ మాటకొస్తే నాకూ తోచేది కాదు. అచ్చులో ఉన్నది అడిగితే మారుతుందని మాకెవరు చెప్పారు?

"ఇప్పుడేం చెయ్యరాదా?" అన్నాను నేనే.

"టైం దాటింది పెద్దమ్మా, కొత్త టికెట్ దొరకదు, సొంత కార్డు ఈమె ఎంట తేలే. పోయినామె కార్డుతోని బార్డర్ దాటిచ్చుడు నాతోని కాదు. ఇంత మందిని ఆపేస్తరు. పైసల సంగతి నేను చూస్త. మనిషిని మాత్రం తీస్కపోలేను."

గదికి వచ్చాక, నేను చెప్పలేదని రెండుసార్లు అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. "నువ్వడగబట్టే గదా పిలిచిండు," అంది.

మర్నాడు ఆరింటికి మేనేజరు ఆమెకు ఆటో మాట్లాడాడు. ఆమె ఎర్ర స్వెట్టరు తొడుక్కునే కిందికి దిగింది. ఆమె సంచి నేను మోశాను, ఆమె వద్దనలేదు. బస్టాండు దాకా నేనూ వస్తానంటే, మేం స్టేషనుకు నడిచే టైమైందని మేనేజరు ఆపాడు. ఆటో కదిలింది. ఏడింటికి మేం ప్లాట్‌ఫారం మీదికి వచ్చాం. బండి గంట ఆలస్యంగా బయలుదేరింది. కాసేపటికి టికెట్లు చూసేవాడు వచ్చి, ఆమె బెర్తును బోగీలో సీటు కోసం తిరుగుతున్న ఒకాయనకు రాసిచ్చాడు. ఆయన పెట్టె నా సీటు కిందికి తోసి, చెప్పులు విప్పి కూర్చున్నాడు.