గోడ దులిపే పెద్దమ్మ

కింది వాటాలో ఉండే దర్జీ పెద్దమ్మ పొద్దున లేస్తూనే మిషను ముందు కూర్చోదు. ముందు పొడి చీపురుతో వెనక గది గోడ దులుపుతుంది. ఆ గోడకు చెమ్మ దిగి, మంచం ఎత్తున నల్లటి బూజు పడుతూనే ఉంటుంది. ఆ తర్వాత కుట్టుపనికి కూర్చోగానే దగ్గు మొదలవుతుంది. పళ్ల మధ్య నుంచి సూది తీసి పక్కన గుచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుంది. ఎవరైనా అడిగితే "బట్టల నూగు లేమ్మా" అంటుంది. ఈమధ్య నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే, కోడలు ఆమెను ఆసుపత్రికి లాక్కెళ్లింది. మనవరాలూ వెంటపడింది.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంట్లో గోడలకు బూజు పడుతుందా?" అని అడిగాడు.

"పడితే ఊరుకుంటానా బాబూ? రోజూ దులిపేస్తా. మా ఇంట్లో దుమ్ము చూపిస్తే చెవి కోయించుకుంటా."

"చెవి ఉండనివ్వండి. పొడిగా దులిపితే ఆ బూజంతా గాల్లోకి లేస్తుంది. అది పీల్చడం వల్లే మీ ఊపిరితిత్తులు పాడవుతున్నాయి."

"వింటున్నారా అత్తయ్యా?" అంది కోడలు.

పెద్దమ్మ లేచి, మనవరాలిని ఎత్తి తన స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నేను దులిపేటప్పుడు ఇది ఆ గోడ పక్క మంచం మీదే పడుకుని ఉంటుంది. ముందు దీన్ని చూడండి బాబూ."