ఎత్తిన చెయ్యి

“చెయ్యెత్తింది నేనే అమ్మాయ్. ఇరవై ఏడు సంఘాలు సరేనన్నాయి. కాదన్నది నేనొక్కణ్ణే. టీ చల్లారిపోతోంది, తాగు.”

ఇసడోర్ టెపర్‌మన్ గారు మా పై వాటాలో ఉంటారు. క్లీవ్‌లాండ్‌లో ఇరవై రెండేళ్లుగా ఆయన అడుగుల చప్పుడు కిందే నా కాపురం. ఆయనకి ఎనభై ఒకటో ఏడు. నలభై ఏళ్లు ఇస్త్రీ కొట్టు నడిపిన చేతులు ఇప్పటికీ బల్లమీద గుడ్డ కనిపిస్తే చాలు, మడతలు సాపు చేస్తూనే ఉంటాయి. యూదుల కొత్త సంవత్సరం వెళ్లిన మర్నాడు అది. ఆపిల్ ముక్కలు నంచుకున్న తేనె గిన్నె ఇంకా బల్లమీదే ఉంది.

ఊళ్లోని యూదుల ప్రార్థనా మందిరాలు, మహిళా సంఘాలు, కార్మికుల సంఘాలు అన్నీ కలిసి పెట్టుకున్న ఉమ్మడి మండలి ఒకటుంది. నగర పెద్దలతోనైనా, చర్చిలతోనైనా అందరి తరఫునా అదే మాట్లాడుతుంది. తన చిన్న మందిరం తరఫున టెపర్‌మన్ గారు ముప్పై ఏళ్లు అందులో కూర్చున్నారు. అక్కడ కట్టుబాటు ఒక్కటే: అందరూ ఒప్పుకుంటేనే ఏ ఉత్తరమైనా గడప దాటుతుంది. ఒక్క చెయ్యి లేచినా వచ్చే నెలకి వాయిదా.

“మరి మీరెందుకు కాదన్నారు?” అన్నాను.

“ఎందుకేమిటి! కాదనకుండా మావాళ్లు ఏ సభలోంచైనా లేచి ఇంటికెళ్లారా? మా ఆవిడ ఫైగా బతికున్నప్పుడు అనేది, ‘నీకు నూరేళ్లాయుష్షని దీవించినా నూటొకటి ఎందుకు కాదంటావు’ అని. వాదించకుండా ఒప్పుకున్నామంటే ఆ మాట మాకు పట్టనట్టే లెక్క.”

నవ్వబోయి ఆగిపోయారు.

ముప్పై అయిదేళ్ల కిందటి మాట. ఆయన పదమూడో ఏట నిలబడి ధర్మగ్రంథం చదివిన పాత మందిరాన్ని, యూదులంతా తూర్పు పేటలకి తరలిపోయాక, ఒక నల్లవాళ్ల చర్చి కొనుక్కుంది. కిటికీ అద్దాల మీద ఆరు కోణాల నక్షత్రాలు అలాగే ఉంచుకున్నారట. పెద్ద రోడ్డు కోసం ఆ వీధి పడగొడతామని నగరం నోటీసిచ్చింది. చర్చి పెద్ద లూషస్ బ్రామ్లెట్ సూటు ఇస్త్రీకి ఇస్తూ ఇసడోర్ గారిని అడిగాడు: “ఇజ్జీ, మీ మండలి ఒక్క ముక్క రాస్తే వాళ్లాగుతారు.”

“మండలిలో ఆ సంగతి ఎత్తిందీ నేనే,” అన్నారు టెపర్‌మన్ గారు. “ఉత్తరం చదివారు. చర్చిని వదిలెయ్యండి అని ఉంది. నేను చెయ్యెత్తాను. చర్చి ఒక్కటేనా, వీధి మొత్తం వదలమని రాయండి అన్నాను. బాగా మాట్లాడాను కూడా. అధ్యక్షుడు గడియారం చూసుకుని, ‘అయితే వచ్చే నెల చూద్దాం’ అన్నాడు. పదకొండో రోజున యంత్రాలొచ్చాయి. వీధి మొత్తం కావాలన్నానా? వీధి మొత్తం పోయింది.”

“బ్రామ్లెట్ గారికి చెప్పారా?”

“మండలిలో కుదరలేదన్నాను. ఎవరి వల్ల కుదరలేదో చెప్పలేదు. వాడు అడగలేదు. ప్రతి శుక్రవారం పొద్దున నల్ల సూటు పట్టుకొచ్చేవాడు, ‘ఏం ఇజ్జీ, ఇంకా బతికే ఉన్నావా’ అంటూ. ఆ కోటుకి రెండుసార్లు ఇస్త్రీ పెట్టేవాణ్ణి. ఒకసారి చాలదురా అని వాడు నవ్వేవాడు. కొట్టు మూసేదాకా అంతే. ఈ మార్చిలో పోయాడు.”

ఏడాది తప్పులకి మన్నింపు వేడుకునే వాళ్ల ప్రాయశ్చిత్త దినానికి ఇంకా ఏడు రోజులున్నాయి. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు. మనిషికి చేసింది మాత్రం ఆలోగా ఆ మనిషే మన్నించాలి. ఆ మనిషి పోతే, తమవాళ్లు పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల ఎదుట పైకి చెప్పి క్షమాపణ అడగాలి. అదీ వాళ్ల ఆచారం.

“మా మందిరంలో మిగిలింది ఏడుగురం,” అన్నారాయన. “ఒకడు మంచం దిగడు. ఒకడికి నా పేరే గుర్తులేదు. ఇరవై ఏడు సంఘాలని ఆపినవాణ్ణి, పదిమందిని పోగెయ్యలేకపోతున్నాను.”

“నేనొస్తాను.”

“నువ్వు ఆ పదిమంది లెక్కలోకి రావు, అమ్మాయ్. నీ కాళ్లు మాత్రం పనికొస్తాయి.” తేనె గిన్నె మీద మూత పెట్టి, నా కోటు తీసి చేతికిచ్చారు. కాలరు మడత సరిచేసి మరీ ఇచ్చారు. “రేపు మండలి ఆఫీసుకి వెళ్లు. నేను ఫోన్ చేస్తే మళ్లీ దేన్నో కాదనడానికే అనుకుంటారు. ఆదివారం పొద్దున అయిదుగురు కావాలని... కాదు, నన్ను లెక్కెయ్యకూడదు, ఆరుగురు కావాలని చెప్పు. ఎందుకని అడిగితే దాచకు, అంతా చెప్పు. ఎవడో ఒకడు చెయ్యెత్తుతాడు, క్రైస్తవుల శ్మశానంలోకి మేమెలా వస్తామని. వాడితో వాదించకు. పక్కవాణ్ణి అడుగు. వచ్చే నెల దాకా మాత్రం ఆగనివ్వకు.”