పేరు లేని సిగ్నల్

నెల్లూరులో చేపల ఐసుపెట్టెలకు థర్మామీటర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో పనిచేస్తాను. సూళ్లూరుపేట నుంచి రోజూ రైల్లో పోయి వస్తాను. ఆ థర్మామీటరు లోపల గోరంత బ్లూటూత్ చిప్పు ఉంటుంది. బటన్ బ్యాటరీ మీద నెలల తరబడి పనిచేస్తూ, పెట్టె మూత తియ్యకుండానే లోపల ఎంత చల్లగా ఉందో ఫోనుకు చెప్పాలి. ఆ వేసవిలో చెప్పడం మానేసింది.

ఫోను బ్లూటూత్ లిస్టులో కనిపించేది. కనెక్ట్ నొక్కితే క్షణం పట్టుకుని వదిలేసేది. బ్యాటరీ మార్చాను. యాంటెన్నా దగ్గర సోల్డరింగ్ మళ్లీ చేశాను. చిప్పులో ఉన్నదంతా చెరిపేసి ప్రోగ్రాము కొత్తగా ఎక్కించాను. అయినా అదే తంతు. వేరే సిగ్నళ్లేవైనా అడ్డొస్తున్నాయేమోనని ఫోనులో స్కానర్ యాప్ తెరిచాను. చుట్టుపక్కల ఉన్న ప్రతి బ్లూటూత్ వస్తువూ, దాని సిగ్నల్ బలమూ అందులో కనిపిస్తాయి. వాచీలు, ఇయర్‌ఫోన్లు, పక్క షాపు టీవీ. వాటి మధ్య పేరు లేనిదొకటి, ఎప్పుడు చూసినా గట్టిగా. వర్క్‌షాపులోదే అయ్యుంటుందనుకున్నాను. సాయంత్రం రైల్లో తెరిస్తే అక్కడా ఉంది.

"టౌనులో సిగ్నళ్ల గోల ఎక్కువమ్మా. మైపాడు బీచికి పోయి ఇసుకలో పెట్టి చూడు" అన్నారు మా ఓనరు గారు.

ఆటోలో పోయాను. పడవలు వేటకు పోయున్నాయి, ఒడ్డున జనం లేరు. లిస్టులో రెండే మిగిలాయి. ఒకటి నా థర్మామీటరు, రెండోది ఆ పేరు లేనిది.

నా అన్నం క్యారియర్ సంచిని ఇసుకలో పెట్టి, ఫోనూ థర్మామీటరూ మాత్రం పట్టుకుని నీళ్ల వైపు నడిచాను. పేరు లేనిదాని బలం తగ్గిపోయింది. వెనక్కి వచ్చాను, పెరిగింది. సంచిలోని క్యారియర్ తీసి పక్కన పెట్టి లోపలి గుడ్డ తడిమితే, అడుగున బిళ్లలాంటిది గట్టిగా తగిలింది. వైర్లు కోసే కట్టరుతో కుట్లు తెంపాను. తాళాలు పోకుండా తగిలించుకునే ట్యాగ్. దాని పక్కగా ఎవరైనా ఫోనుతో నడిచినా చాలు, ట్యాగ్ ఎక్కడుందో సొంతదారు ఫోనులో మ్యాపు మీద తెలిసిపోతుంది. ఇట్లాంటిది వెంట వస్తుంటే కొత్త ఫోన్లు హెచ్చరిస్తాయి; నా పాత ఫోను ఒక్కసారి కూడా హెచ్చరించలేదు.

ఆ కుట్టు ఎవరిదో పోల్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. మా అక్క టైలరు. చిన్నప్పటి నుంచీ నా గౌన్ల అంచులన్నీ ఆమె చేతికుట్టే. ఆ సంచి కుట్టి ఇచ్చింది కూడా తనే.

నాన్నకు నా ఉద్యోగం ఇష్టం లేదు. ఆయనతో వాదించి నన్ను రైలెక్కించింది అక్క. అందుకే ఆమె దగ్గర ఏదీ దాచేదాన్ని కాదు. నాతో పనిచేసే అతనితో నాయుడుపేటలో దిగి టీ తాగిన సంగతి కూడా ఆ సాయంత్రమే చెప్పాను. మర్నాడు అన్నం తింటూ నాన్న, "నాయుడుపేటలో ఏం పని నీకు?" అన్నాడు. ఎవరో తెలిసినవాళ్లు చూసి చెప్పుంటారని అనుకున్నాను. అక్క మీదికి నా ఆలోచనే పోలేదు.

స్టేషన్ నుంచి నేరుగా పక్క వీధిలోని అక్క ఇంటికి పోయి, ట్యాగ్‌ను కుట్టుమిషను మీద పెట్టాను. ఆమె కుట్టడం ఆపింది.

"ఎక్కడ దొరికింది?" అంది. ఇదేంది అని అడగలేదు.

"మైపాడులో. ఎందుకు పెట్టినావక్కా?"

"నాన్న రోజూ పోరు పెడతా ఉంటే ఏం చేసేదే? నువ్వు యాడుండావో తెలిస్తే ఊరుకుంటాడని పెట్టినా. నీ ఉద్యోగం నిలబడాలనే."

"నేను అన్నీ నీకు చెప్తానే ఉండా కదా. అడిగితే చెప్పనా?"

"చెప్తావు." మిషను మీది జాకెట్టు గుడ్డ సర్దుకుంది. "చెప్పినవన్నీ నిజమో కాదో చూసుకోవద్దా?"

నాన్న అనుమానం నాకు అలవాటే. దానికి ఏడవను. కానీ నేను చెబుతుంటే నవ్వుతూ, ఊఁ కొడుతూ విన్న అక్క, అప్పటికే అదంతా మ్యాపులో చూసేసి ఉంది. నా మాటకూ మ్యాపుకూ తేడా ఉందేమోనని వెతుకుతూ విన్నది. ఇంకేం అడగకుండా వచ్చేశాను.

మర్నాడు థర్మామీటరు సంగతి తేలింది. ఏ ఫోనుతో జతకట్టిందో ఆ పాత వివరాలు చిప్పులో ముందే చెరిగిపోయాయి, నా ఫోనులోవి మాత్రం అట్లాగే ఉన్నాయి. ఫోనులోవి కూడా తీసేసి కొత్తగా జతచేస్తే ఒక్కసారికే పట్టుకుంది. ఓనరు గారు సంతోషపడి అందరికీ టీ చెప్పారు. నేను తాగలేకపోయాను.

నెల తిరక్కుండా నెల్లూరులో హాస్టలుకు మారాను. నాన్న అరిచాడు. అక్క మధ్యలోకి రాలేదు. ఇప్పుడు ఆదివారాలు ఫోను చేస్తుంది.

"ఎట్లుండావే?"

"బాగుండా."

"ఇంకేంది విశేషాలు?"

నాతో పనిచేసే అతనూ నేనూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ముందుగా అక్కకే చెప్పాల్సిన మాట అది.

"ఏం లేవక్కా" అంటాను.